జిద్దా వెళ్ళిన బండి

మొన్న ఆదివారం భోజనం చేసి నడుం వాలుస్తుంటే బావగారి అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నకు ఎనభై నిండుతున్నాయట. పెద్ద హాలు మాట్లాడారట. పాత స్నేహితులందరూ ఆయన గురించి ఒక్కో తీపి జ్ఞాపకం చెప్పి వీడియో తీసి పంపితే, అన్నీ కలిపి తెర మీద వేస్తారట. "రెండు నిమిషాలు చాలు మావయ్యా. మీరైతే ఆ యుద్ధం సంగతి చెప్పండి. నాన్న మీ అందర్నీ తన బండిలో ఎక్కించుకుని జిద్దా చేర్చారు కదా! అది ఎన్నిసార్లు విన్నా మాకు విసుగు రాదు" అంది. ఆ పిల్లనేమనగలను? అప్పటికి దానికి సరిగా మాటలు కూడా రాలేదు. కెమెరా ముందు నాకు నోరు పెగలదమ్మా అని తప్పించుకున్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఆ బండిలో నేను లేను. ఎక్కవలసినవాళ్ళూ లేరు.

నిజానికి ఆయన నాకు బావ కాదు. సౌదీ తూర్పు తీరాన రాస్ తనూరాలో మేమున్న రోజుల్లో నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరుని, ఆయన ఇంకొక కంపెనీలో మేనేజరు. గోదావరి జిల్లా మనిషి. తెలుగు మాట చెవిన పడితే చాలు, చెయ్యి పట్టుకుని "మనదే ఊరండీ?" అని మొదలుపెట్టి, రెండో టీ చల్లారేలోగా వరస తేల్చేసేవారు. బందరు దగ్గర మా మేనత్త అత్తవారి ఊరు ఆయన భార్య పుట్టిన ఊరికి నాలుగు మైళ్ళు. ఆ నాలుగు మైళ్ళు పట్టుకుని నేను ఆయనకు బామ్మర్దినైపోయాను. ఆవిడ నాకు అక్కయ్య. వాళ్ళ కంపెనీలోనే ఏసీ సూపర్‌వైజరుగా చేసే కర్నూలు కుర్రాడు సాయిబుల అబ్బాయి; అయినా సరే అతనూ బామ్మర్దే, అతని భార్య చెల్లెమ్మే. నేనతన్ని తమ్ముడూ అనేవాణ్ణి. చివరికి సముద్రంలో చేపలనూ బావగారు వదల్లేదు. అక్కడ దొరికే షేరీ చేపకు మన పండుగప్ప పినతల్లి కూతురని తేల్చారు. "అలా వరస కలిశాక పులుసు పెట్టడం పాపం కాదా అన్నయ్యగారూ?" అని మా ఆవిడ అడిగితే, "తినేటప్పుడు వరసలుండవమ్మా" అని పెద్దగా నవ్వారు. మేమూ నవ్వాం.

శుక్రవారం సెలవు. పొద్దున్నే గంపెడు సామానుతో ఆయన పెద్ద బండి, నా చిన్న కారు బయల్దేరేవి. జుబైల్ దాటి ఉత్తరానికి పోతే రోడ్డుకు కుడిచేతి వైపు ఇసుకలోంచి ఒక దారి చీలి, ఎవరూ రాని చిన్న రేవు దగ్గర ఆగిపోయేది. నీళ్ళు మోకాలి లోతున ఆకుపచ్చగా, అడుగున గులకరాళ్ళు కనపడేంత తేటగా ఉండేవి. మధ్యాహ్నానికి ఆ వెలుగు కళ్ళలో గుచ్చుకునేది. బావగారు మడత కుర్చీ వేసుకుని, గడ్డి టోపీ పెట్టుకుని, చేప మనస్తత్వం గురించి ఉపన్యాసం ఇచ్చేవారు. ఆయన గాలానికి ఎప్పుడైనా ఏదైనా తగిలిందంటే అది తోటివాళ్ళ గాలపు తాడే. చేపలు పట్టేది అక్కయ్య. ఒక చేత్తో దారం పట్టుకుని, రెండో చేత్తో పిల్లకు అన్నం పెడుతూ, మాట మధ్యలో తాడు గుంజి చేపను ఇసుకలో పడేసి, మళ్ళీ ఆ మాటే అందుకునేది. కర్నూలు అమ్మాయి అంతకు ముందు సముద్రం చూసి ఎరగదు. మొదటి రోజు అల పాదానికి తగలగానే కెవ్వుమని భర్త వెనక్కి దూరింది. నాలుగు వారాలు తిరిగేసరికి సల్వారు మడమల పైకి పట్టుకుని, నీళ్ళలో నిలబడి, భర్త రమ్మన్నా వచ్చేది కాదు. చేపలు కడిగి కారం పట్టించి వేయించడం మాత్రం ఆమె వంతే. ఆ వాసనకు ఎక్కడెక్కడి పిల్లులూ వచ్చేవి. ఆ ఎడారిలో అవి ఎక్కణ్ణుంచి వచ్చేవో ఇప్పటికీ నాకు తెలియదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. మా రోడ్ల మీద అమెరికా ట్యాంకులు, ఇంటింటా విషవాయువు భయం. కిటికీలకు టేపు అంటించుకున్నాం. నేను భార్యాబిడ్డల్ని బందరు పంపేశాను. కర్నూలు అమ్మాయికి అప్పుడే నెల తప్పింది, విమానం ఎక్కించి పుట్టింటికి పంపుదామని తమ్ముడు ఆదుర్దాపడ్డాడు. శరత్కాలంలో ఒక శుక్రవారం రేవు దగ్గరే ఆ మాట ఎత్తాడు. బావగారు కుర్చీలోంచి లేచి అతని భుజం మీద చెయ్యేశారు. "ఏవిటయ్యా బామ్మర్దీ, కడుపుతో ఉన్న పిల్లని ఒంటరిగా పంపుతావా? యుద్ధం లేదు గిద్దం లేదు, అంతా బెదిరింపు. అంతగా వస్తే నేను లేనూ? నా బండిలో అందరం పడతాం. తిన్నగా పడమటి తీరానికి, జిద్దా పోదాం. నీ కఫీల్ కాగితం సంగతి కూడా నేను చూస్తాను" అన్నారు. మా స్పాన్సర్ని, అంటే పనికి రప్పించిన అరబ్బు యజమానిని, అక్కడ కఫీల్ అంటారు. ఆయన ఇచ్చిన కాగితం లేకుండా పరదేశి ఊరు దాటి పోవడానికి లేదు. తమ్ముడి కఫీల్ దగ్గర బావగారి మాటకు విలువుంది. తమ్ముడి ముఖం తేటపడింది. "మీరుండంగ నాకేం భయం బావగారూ" అన్నాడు. ఆ అమ్మాయి వేయించిన చేపల్లో పెద్దది తీసి బావగారి కంచంలో వేసింది.

జనవరిలో ఒక తెల్లవారుజామున రేడియో పెడితే యుద్ధం మొదలైందని చెప్పింది. తమ్ముడూ నేనూ కలిసి బావగారింటికి పోయాం. గేటుకు తాళం. బండి లేదు. పక్కింటి సూడాన్ కాపలావాడు బయట నీళ్ళు చల్లుతున్నాడు. "సాబ్ చలా గయా. కల్ దోపహర్" అన్నాడు వచ్చీరాని హిందీలో. వెళ్ళిపోయారట, నిన్న మధ్యాహ్నమే. "వెనక సీట్ల మీద టీవీ పెట్టారు, తివాచీలు పెట్టారు, చాలా మంచి తివాచీలు" అని కూడా చేతులతో చూపించి మరీ చెప్పాడు. తమ్ముడు ఆ తాళాన్ని ఒకసారి పట్టుకుని చూశాడు. "అర్జెంటు పని పడింటాది అన్నా. మనిషిని పంపిస్తాడు" అన్నాడు.

ఎవరూ రాలేదు. మర్నాడు తమ్ముణ్ణీ అతని భార్యనూ నా కారులో ఎక్కించుకుని రియాద్ రోడ్డు పట్టాను. తమ్ముడి కఫీల్ ఆఫీసుకు తాళం, అతనికి కాగితం లేదు. చెక్‌పోస్టులో సైనికుడు చాలా చిన్నవాడు. ఆ అమ్మాయి కడుపు చూశాడు, నోట్లోనే ఏదో దేవుణ్ణి తలచుకున్నాడు, అయినా చెయ్యి వెనక్కే చూపించాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా ఎదురుగా కార్లే. పైన పరుపులు, లోపల పిల్లలు, అందరూ మేం పోవలసిన వైపు పోతున్నారు.

ఆమెకు నొప్పులు నెలలు నిండకముందే వచ్చాయి, ఒక మధ్యాహ్నం, సైరన్ మోగుతుండగా. ఆసుపత్రి దూరమేమీ కాదు. కాని సైనిక వాహనాల వరుస ఒకటి అడ్డంగా పోతోంది. అది ఎంతకీ తెగదు. ఇంజన్ ఆపి కూచున్నాం. వెనక సీట్లో ఆమె భర్త చెయ్యి కొరుకుతోంది. తమ్ముడు ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అరవలేదు. పాప పుట్టింది గాని ఏడవలేదు. మర్నాడు మసీదు నుంచి వచ్చిన నలుగురు పెద్దమనుషులతో కలిసి మట్టిచేశాం. తమ్ముడు దారంతా ఆ మూటను ఎవరికీ ఇవ్వకుండా తనే మోశాడు.

కొన్ని వారాల తర్వాత, "ఒకసారి మన రేవుకు పోదాం అన్నా" అన్నాడు. కారు తీశాను. అప్పటికే కువైట్ వైపు నుంచి ముడిచమురు తెట్టు కొట్టుకొచ్చింది. కారు దిగగానే నాకు మొదట తోచింది రంగు కాదు, నిశ్శబ్దం. అలకు చప్పుడు లేదు. నల్లటి ముద్ద ఒకటి ఒడ్డు దాకా బద్ధకంగా వచ్చి, అక్కడే కూలబడుతోంది. నీటికాకి ఒకటి రెక్కలు విప్పాలని చూస్తోంది, అవి ఒంటికి అతుక్కుపోయాయి. తమ్ముడు చొక్కా విప్పి దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిచినా నలుపు పోలేదు. అది అతని చేతుల్లోనే మెడ వాల్చేసింది. అప్పుడు ఏడ్చాడు, పాప పోయినప్పుడు ఏడవనివాడు.

యుద్ధం ముగిసి వేసవి మొదలవుతుండగా బావగారు తిరిగొచ్చారు. వచ్చిన వారమే అందరికీ ఫోన్లు. పాత చోటు పాడైపోయింది కాబట్టి ఖతీఫ్ దగ్గర మడచెట్ల ఒడ్డుకు రమ్మన్నారు. కువైట్ బావుల పొగకు ఆకాశం మసిపట్టిన గుడ్డలా ఉంది. కుర్చీ, టోపీ, రొయ్యల ఎర, జిద్దా మిఠాయి, అన్నీ తెచ్చారు. అక్కయ్య మాత్రం బండి దిగలేదు. అద్దం ఎత్తుకుని, తల వంచుకుని కూచుంది. తమ్ముడు ఒక్కడే వచ్చాడు. బావగారు రెండు చేతులూ చాచి ఎదురొచ్చి, "విన్నానయ్యా, విన్నాను. దైవేచ్ఛ. మన చేతుల్లో ఏముంది చెప్పు? ఉన్నపళంగా బయల్దేరాల్సొచ్చింది. మీకు చెబుదామంటే ఫోన్లు పనిచెయ్యలేదు" అన్నారు.

"పనిచేసినాయి బావగారూ" అన్నాడు తమ్ముడు. గొంతు పెంచలేదు. "మీరు పోయిన పొద్దు పదకొండప్పుడు మీరే చేసినారు. ఇంట్ల నీళ్ళు నిలవ పెట్టుకోవాల, నీ కాడ డబ్బాలుంటే తెచ్చియ్యి అన్నారు. నేనే నింపి తెచ్చి మీ గేటు కాడ పెట్టినా. నా భార్య కూడా ఒకటి పట్టుకోనొచ్చింది, మోయొద్దంటే ఇనలేదు. చెల్లెమ్మా మంచిదానివమ్మా అన్నారు మీరు."

ఈ సంగతి అంతవరకూ నాకు కూడా చెప్పలేదతను. బావగారు వంగి రొయ్యల గిన్నె అందుకున్నారు. "ఎండకు ఎర పాడైపోతోంది, ముందు గాలాలు వెయ్యండయ్యా" అన్నారు.

తమ్ముడు వచ్చి నా కారులో కూచున్నాడు. నేను గాలం విప్పనే లేదు. కారు తిప్పుతుంటే అద్దంలో ఆయన కుర్చీలో సర్దుకుని కూచోవడం కనిపించింది.

ఆ ఏడాదే తమ్ముడు ఎగ్జిట్ వీసా కొట్టించుకుని భార్యతో సహా కర్నూలు వెళ్ళిపోయాడు. నేను ఇంకా చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోయాను. బావగారికి వయసు పైబడింది. పెళ్ళిళ్ళలో, పార్టీలలో యుద్ధం కథ చెప్పేవారు. మొదట్లో ఆ కథలో ఆయన కుటుంబమే ఉండేది. కొన్నాళ్ళకు దారిలో ఎవరినో ఎక్కించుకున్నారు. ఇంకొన్నాళ్ళకు మేం అందరమూ ఎక్కేశాం. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి, అవి దొంగ నీళ్ళని నేననను. తివాచీలున్న చోట మమ్మల్ని కూర్చోబెట్టుకుని, అది నిజమేననుకునే స్థితికి ఆయన చేరుకున్నారు.

ఉద్యోగం వదిలి వచ్చాక ఒకసారి కర్నూలు వెళ్ళాను. తమ్ముడికి ఏసీల రిపేరు షాపుంది, ఇద్దరు మగపిల్లలు, పెద్దవాడు అచ్చం తండ్రే. ఆ అమ్మాయి జుట్టు నెరిసింది. కోడికూర వడ్డిస్తూ, "మా ఇంట్ల చేప వండం అన్నా, ఏమనుకోవద్దు" అంది. అన్నం తినేదాకా పాప ఊసే రాలేదు. చేతులు కడుక్కునేటప్పుడు నాకు తువ్వాలు ఇస్తూ మెల్లగా అడిగింది: "ఆ గోరీ మీద రాయి ఏమన్నా పెట్టినారా అన్నా? గుర్తుపట్టే మాదిరి ఉందా?" ఆ దేశంలో గోరీల మీద పేర్లు రాయరు. ఇసుక మీద చిన్న రాయి పెడతారు, అంతే. సౌదీ వదిలి వచ్చే ముందు వెతికాను, ఏది ఎవరిదో తెలియలేదు. ఉందమ్మా అన్నాను. ఆమె తల ఊపింది, నమ్మిందో లేదో. మర్నాడు రైల్లో కిటికీ పక్కన కూచుని చాలాసేపు ఆలోచించాను. కాలం అందరికీ మరుపు వడ్డిస్తుందంటారు గాని, నేను చూసినంతలో బాధపడ్డవాళ్ళ విస్తరి దగ్గరకు వచ్చేసరికి దాని గిన్నెలో ఏమీ మిగల్లేదు.