డాక్టరు గారి కంప్యూటర్ ఎందుకు లేవదు

లండన్‌లో కమలకుమారిని ఎరగని తెలుగువాళ్లు లేరు. లండన్ అంటే రాణిగారిది కాదు, కెనడాలో ఒంటారియోలోది. కొత్తగా ఎవరు అద్దెకు దిగినా పెరుగు తోడు పట్టుకెళ్లేది ఆమే. మంచులో ఎవరి కారు దిగబడినా మంచు కరిగించే ఉప్పు డబ్బాతో ముందు బయటికొచ్చేదీ ఆమే. భర్త విశ్వేశ్వరరావు గారు మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆపరేషన్ అయ్యాక మనిషికి తెలివి వస్తుంటే పక్కన నిలబడి, నీ పేరేమిటి, ఏ ఊళ్లో ఉన్నావు అని మెల్లగా అడిగేవారు. భయపడకు అనేవారు.

అంత నెమ్మది మనిషి ఈమధ్య కంప్యూటర్ మీద కేకలేస్తున్నారు. మీట నొక్కితే అది ఓ పట్టాన లేవదు. కమలకుమారి ఉప్మా చేసి, తిని, గిన్నెలు కడుక్కుని వచ్చినా తెర మీద సున్నా తిరుగుతూనే ఉంటుంది.

పక్క వీధి వాసవిని పిలిచింది. వరంగల్ పిల్ల, ఇంట్లోంచే ఐటీ ఉద్యోగం.

"ఆన్ చేయంగనే వాటంతటవే లేచే ప్రోగ్రాములు మస్తుగున్నయి ఆంటీ. అన్నీ ఒక్కసారే మీద పడుతున్నయి. ఆపేస్తున్నా."

"ఆపేయమ్మా. పెళ్లికొచ్చిన చుట్టాల్లా ఒక్కటీ కదలదు."

కంప్యూటర్ చటుక్కున లేచింది. వారం తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది.

వాసవి వచ్చి చూసి ముఖం చిట్లించింది. "ఎవరో అన్నీ మళ్లీ ఆన్ చేసిన్రు. కొత్తవి గూడ పెట్టిన్రు. అన్నిటికీ ఒకటే పేరు, 'లేవగానే' అని. రోజూ తెల్లారేముందు ఒకటి చేరుతున్నది."

"నేను ముట్టుకోలేదు. ఇంట్లో ఇంకెవరో తిరుగుతున్నారు కమలా" అన్నారు విశ్వేశ్వరరావు గారు.

అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడలేదు. కమలకుమారి వెళ్లి వెనక తలుపు చూసింది. గడియ వేసే ఉంది. మెట్ల మీద మంచు ఎవరూ తొక్కలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఆ గదిలోంచి సన్నగా మాటలు వినిపించాయి. వెళ్లి చూస్తే ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ఎవరితోనూ లేదే. కాఫీ అయిందా?"

ఆయన నడకకు వెళ్లగానే వాసవిని రమ్మంది. ఆ 'లేవగానే'లన్నీ గొంతు రికార్డులని కనిపెట్టి, ఏనాడో గోల అని ఆయన ఊడబెరికిన స్పీకర్ వైరును వాసవి తగిలించి, కంప్యూటర్ ఆన్ చేసింది. సున్నా తిరిగి తిరిగి ఆగింది. అప్పుడు గది నిండా ఆయన గొంతే. ఒకటి కాదు. పదులకొద్దీ గొంతులు ఒకదాని మీద ఒకటి పడి, గుడిలో గుంపు గొణిగినట్టు. ఒకటి మంగళవారం అంటే ఇంకొకటి శుక్రవారం అంది. మధ్యమధ్య కమల, కమల అని వినపడుతోంది.

"ఒక్కొక్కటే పెట్టవే" అంది కమలకుమారి, కుర్చీ పట్టుకుని.

పాతది పెట్టింది వాసవి. "నీ పేరేమిటి?" కాస్త ఆగి, "విశ్వేశ్వరరావు." "ఏ ఊళ్లో ఉన్నావు?" ఆగి, "లండన్." "వంటింట్లో ఉన్నదెవరు?" ఆగి, "కమల. నీ భార్య. భయపడకు."

ఆ రోజు పొద్దున చేరినది పెట్టింది. అదే గొంతు, అంతే మెల్లగా. "వంటింట్లో ఒకావిడ ఉంది. మంచిదే. భయపడకు."

వాసవి కళ్లు తుడుచుకుంది. కమలకుమారి తుడుచుకోలేదు. ఇన్నాళ్లూ దొంగ ఎవడా అని తలుపులు చూసుకుంది గానీ, పోతున్నదేమిటో చూసుకోలేదు.

"నా పేరున్నది ఒక్కటి ఉంచు. మిగతావి తీసెయ్. వైరు ఊడదీయకు."

"అంకుల్‌ని డాక్టర్‌కి..."

"సోమవారం తీసుకెళ్తాను. ముందిది కానీ."

విశ్వేశ్వరరావు గారు వచ్చి, బూట్లు విప్పి, తిన్నగా గదిలోకి వెళ్లారు. మీట నొక్కగానే తెర వెలిగింది. "బాగుపడిందే" అని మురిసిపోయారు. అంతలో గొంతు పలికింది. ఆయన ఉలిక్కిపడలేదు. మంచం మీది రోగిలా తల కాస్త వాల్చి విన్నారు.

"నీ పేరేమిటి?"

"విశ్వేశ్వరరావు."

"ఏ ఊళ్లో ఉన్నావు?"

"లండన్."

"వంటింట్లో ఉన్నదెవరు?"

ఆయన గుమ్మం వైపు తిరిగారు. కమలకుమారి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమెను ఎగాదిగా చూసి, మర్యాదగా చెయ్యెత్తి ఆగమన్నారు.

"ఉండండి. ఆయన ఇప్పుడు చెప్తారు, విందాం."