ఓబులేసు గుండె కుడి పక్కన

ఈ రోజు మధ్యాహ్నం ఓబులేసు చంకలో ఎక్స్‌రే కవరు పెట్టుకుని, పెళ్లి పిలుపుకు వచ్చినవాడిలా నవ్వుతూ ఆళ్లగడ్డలోని నా క్లినిక్కుకు వచ్చాడు. పదేళ్లుగా దగ్గుకు నా దగ్గరే మందు తీసుకుంటున్న రైతు. పోయిన వారం విత్తనాల కోసం నంద్యాలకు పోయి, అక్కడ కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్ర డాక్టరుకు చూపించుకున్నాడట.

ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. గుండె కుడి పక్కన ఉంది. తిరగేసి పట్టుకున్నానేమోనని మూలనున్న కుడి ఎడమల గుర్తు చూశాను. సరిగ్గానే పట్టుకున్నాను. నేను పుస్తకంలో తప్ప చూడని కేసు! ఆ కుర్రవాడు దీన్ని కర్నూలులో పెద్ద డాక్టర్ల ముందు చూపిస్తాడట. ఫిల్మును కవరులో కుక్కేశాను.

“పదేండ్ల నుంచి నా దగ్గరికే వస్తాండావు కదప్పా, ఆయనకెట్ల దొరికింది?” అన్నాను.

“మీరు యానాడన్నా ముందర చూసినారా సార్? ఎప్పుడూ ఆ గొట్టం ఈపు మీదనే పెడతాంటిరి. ఆయప్ప అంగీ ఇప్పించి రొమ్ము మీద పెట్టినాడు.”

నిజమే. మొహం మీద దగ్గుతారని దగ్గు రోగులందరినీ అటు తిప్పి కూర్చోబెట్టడం నా అలవాటు.

సాయంత్రం వచ్చిన ప్రతి ఒక్కరికీ, కాలి పుండుతో వచ్చిన ముసలాయనకు కూడా, ముందు వైపే స్టెతస్కోపు పెట్టాను. అందరి గుండెలూ ఎడమ పక్కనే కొట్టుకుంటున్నాయి.

తోటి డాక్టర్లారా, మీకూ ఇలాంటి కేసు చేజారి ఉంటే దాచకుండా చెప్పండి. నాకు కాస్త నిద్ర పడుతుంది.