మాచర్లలో వెలగని పొయ్యి

ప్రధానమంత్రి పోయిన మర్నాడు మిట్టమధ్యాహ్నం మాచర్లలో బస్సు దిగాను. ఆకలిగా ఉంది. స్టాండు పక్కన పూటకూళ్ల ఇల్లు నడిపే ముసలామె అరుగు మీద ఊరికే కూర్చుని ఉంది.

"భోజనం ఉందా అవ్వా?"

"శవం లేవందే పొయ్యి ఎట్టా ఎలిగిస్తాం నాయనా?"

"అయ్యో, మీ ఇంట్లో ఎవరు పోయారు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఏందయ్యా, తెలవనట్టు అడుగుతావు? ఢిల్లీలో పెద్దాయన గదా!"

సిగ్గేసింది. పొద్దున నరసరావుపేటలో నేను ఇడ్లీలు తిని మరీ బస్సెక్కాను. ఆమె పక్కనే కూర్చున్నాను.

సాయంత్రం పంచాయతీ రేడియోలో దహనం అయిపోయిందని చెప్పారు. ఆమె లేచి, తలకు నీళ్లు పోసుకుని, తడిచీరతోనే పొయ్యి ముట్టించింది.

అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఆయనకు కొడుకుల్లేరంట గదా. తలకొరివి ఎవరు పెట్టారంట?"

తెలియదన్నాను.

"నాకూ లేర్లే," అంటూ చారు పోసింది.