నంద్యాల నుంచి ఒక్క స్టేషన్ దూరం

మొన్న ఒక పెళ్ళికని పోయి, సముద్రం పక్కనున్న ఒక చిన్న ఊరి స్టేషన్‌లో దిగాను. తెల్లదొరల నాటి రాతి కట్టడం, కమాను వాకిళ్ళు, పెదవులకు ఉప్పగా తగిలే గాలి. మావాళ్ళంతా ఆటోల కోసం బయటికి పోయినా నేను బల్ల మీదే కూర్చుండిపోయాను. మూడేళ్ళ కిందట పోయిన మా తోడికోడలు పుట్టిన ఊరు అది. ఆమె మాటల్లో తప్ప ఆ స్టేషన్‌ను నేనెప్పుడూ చూసింది లేదు.

ఆమెను అక్కా అనేదాన్ని. మా బావగారిని ఇష్టపడి చేసుకుని ఆళ్ళగడ్డ వచ్చింది. మళ్ళీ నా గడప తొక్కొద్దన్నాడట వాళ్ళ నాన్న. జొన్నరొట్టె తట్టడానికి ఆమె పడే పాట్లు చూసి మా అత్త కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేది. ఆళ్ళగడ్డకు రైలు లేదు. అందుకని అక్కకు తరచూ నంద్యాలలో పని పడేది. మా ఊరి టైలర్లందరికీ ఉన్నట్టుండి జాకెట్ కుట్టడం రాకుండా పోయేది! నన్ను తోడు తీసుకుని, బస్సు దిగగానే నేరుగా స్టేషన్‌కు నడిచేది. గుంటూరు పోయే మీటరుగేజి బండి వస్తే కిటికీ ఊచలు కాసేపు పట్టుకుని వదిలేది. గుంటూరులో బండి మారితే వాళ్ళ ఊరు.

ఒకరోజు ఎక్కి కూర్చుంది. కూత వేసినా దిగలేదు.

"అక్కా, యాడికి పోతాండావ్? దిగు!" అని అరుస్తూ నేనూ ఎక్కేశాను. ఆమె నల్లమల కొండలు దగ్గరవుతుంటే కిటికీలోంచి చూపు తిప్పలేదు. గాజులపల్లెలో బండి ఆగింది. తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, "దిగుదాం పద. పిల్లాడు బడి నుంచి వచ్చేస్తాడు, నేను కనబడకపోతే అన్నం తినడు" అంది. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఇంటికొస్తే అత్త, "ఏందమ్మీ ఇంతసేపు? జాకెట్ గుడ్డ యాడ?" అంది.

"రంగు కుదర్లేదత్తా" అన్నాను నేనే.

చాలా ఏళ్ళకు, నాన్నకు జ్ఞాపకం తప్పుతోందని, చూడాలంటే రమ్మని వాళ్ళన్న కబురు పెట్టాడు. అప్పటికి పాత పట్టాలు పీకి పెద్దలైను వేస్తున్నారు. బావగారు బస్సులో తీసుకుపోయారు. తిరిగొచ్చాక, "మీ నాయన ఏమన్న్యాడక్కా?" అని అడిగాను.

"మంచినీళ్ళిస్తే తాగాడు. ఏ ఊరమ్మా నీది అన్నాడు. ఆళ్ళగడ్డ అని చెప్పాను" అంది.

ఆ తర్వాత అక్క జాకెట్లన్నీ మా ఊళ్ళోనే కుట్టించుకుంది.

నంద్యాల నుంచి ఇక్కడికి ఎంత, ఒక్క రోజు ప్రయాణం. అక్కకు ఆ ఒక్క రోజు దొరికేసరికి, ఇక్కడ ఆమెను కూతురని గుర్తుపట్టే కాలం దాటిపోయింది.