పసుపు కింద బొట్టు

పోయిన నెల మా కోడలు నా నగలన్నీ మూట కట్టించి, నన్ను మా తమిళనాడు ధర్మపురిలో ఒక నగల అంగడికి పిలుచుకుపోయింది. ఇప్పుడు గీటురాయి లేదు, యాసిడ్ మందు నీళ్ళు లేవు. నగను ఒక డబ్బాలో పెట్టి మూత వేస్తే, అది ఎంత మేలిమో పక్కనున్న గాజుపలక మీద కనబడిపోతుంది. గాజులు పెట్టినారు, కమ్మలు పెట్టినారు. కడాన గుడ్డముక్కలో చుట్టిన చిన్న బిళ్ళ మీద అంగడాయన చెయ్యి వెయ్యబోతే నేను లాక్కున్నాను. "అది వద్దులే" అన్నాను. "ఏం అత్తా?" అని కోడలు వదల్లేదు. బస్సులో చెప్పినాను గాని, పెన్నాగరం రోడ్డు గుంతల్లో సగం మాటలు నా నోట్లోనే పోయినాయి. మీకైతే కుదురుగా చెప్తాను.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, మెడలో రెండు తాళిబొట్లుండేవి. మన తెలుగోళ్ళలో ఉండేదే కదా, పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. పక్కింటి తమిళామె "మీకెందుకు రెండు?" అని అడిగితే "ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని" అనేసి నవ్వేది. రెండూ ఒకే అచ్చు. పొద్దున్నే నీళ్ళు పోసుకున్న వెంటనే వాటికి పసుపు పూసేది. పూసేదనడం కూడా తక్కువే, మెత్తేది. బొట్టు ఎక్కడుందో పసుపు ఎక్కడుందో తెలిసేది కాదు, రవికలన్నీ పాడయ్యేవి. మేమంతా అది భక్తి అనుకున్నాము. ఆమె పుట్టిల్లు బొమ్మిడి పక్క, వానను నమ్ముకున్న బీద ఇల్లు. ఆ మాట ఎత్తిపొడవకుండా మా ఇంట్లో ఒక్క పండగ గడిచింది లేదు. అవ్వకు అత్త అయినామె మొదలుపెట్టింది, ఆమె పోయినాక మా పెదనాయన అందుకున్నాడు. కన్నతల్లిని ఎవరైనా అట్లా అంటారా? మా పెదనాయన అంటాడు. "నీ పుట్టింటోళ్ళు పెట్టిందేముందిలే" అనేది ఆయనకు ఊతపదం. తాత వింటే కసిరేవాడు గాని, ఆయన ఇంట్లో ఉండేదెప్పుడు, ఎప్పుడూ చేనికాడే.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, బంగారం ధర ఎగబాకుతా ఉన్న రోజుల్లో, తాత పోయినాడు. కర్మ రోజున అవ్వ మెడలోంచి తీసిన బొట్లు పాలచెంబులో పడినాయి. మాసికం కాగానే పెదనాయన, నగలు తనకూ మా నాయనకూ పంచి తీరాలని పట్టుబట్టినాడు. టౌను నుంచి ఆసారిని, అదే కంసాలిని, ఇంటికే పిలిపించినాడు. పెద్దమనిషిగా ఉండమని అవ్వ తమ్ముణ్ణి కూడా రమ్మన్నారు. పాపం ఆ చిన్నతాత ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, ఇచ్చిన కాఫీ కూడా ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

గాజులు మంచివే. కాసులదండా మంచిదే. ఆఖరున ఆసారి బొట్లను కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో రుద్దినాడు. ఏళ్ళనాటి పసుపంతా గిన్నెలోకి దిగింది. ఒకటి తళతళలాడింది. రెండోదాన్ని ఆయన మళ్ళీ రుద్దినాడు, గీటురాయి మీద గీసినాడు, చుక్క మందు వేసినాడు. గీత కరిగిపోయింది. ఆయన తల ఎత్తకుండానే తమిళంలో మెల్లగా చెప్పినాడు, ఇది రాగి, పైన బంగారు పూత ఉండింది, అదీ ఎప్పుడో పోయింది అని.

పెదనాయన నేరుగా చిన్నతాత వైపే చూసినాడు. "ఇన్నేళ్ళుగా చెప్తానే ఉన్నా కదా. ఏ ఇంటిదో వేరే అడగాల్నా మామా?" అన్నాడు. చిన్నతాత మొగం నల్లబడిపోయింది. లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఆ వయసులో, ఆ మనిషి. "మాదే అయ్యుంటుంది అల్లుడా. ఆ ఏడు వానల్లేవు. మా నాయన ఏం చేసినాడో ఏమో, నాకప్పుడు తెలిసే వయసు కాదు" అన్నాడు. నాకు పెదనాయన నోరు నొక్కేయాలనిపించింది.

అప్పుడు మూలనుంచి అవ్వ లేచింది. "కూర్చో తమ్ముడా" అనింది. రెండు బొట్లనూ అరచేతిలో వేయించుకుని, వాటి వైపు చూడకుండానే బొటనవేలితో తడిమింది.

"బంగారుది మా నాయన చేయించింది. రాగిది ఈ ఇంటిది పెద్దోడా, మా అత్త పెట్టింది. పెళ్ళయిన రెండో ఏడే పూత లేచి, మెడంతా ఆకుపచ్చ మరకలు. అడిగితే, నోరు మూసుకో, నా కొడుక్కి తెలిస్తే తల ఎత్తుకోలేడు అనింది. అది మాత్రం నిజమే అనిపించింది. ఆ పొద్దునుంచి పసుపు."

"నాయనకు తెలీదా?" అని మా నాయన అడిగినాడు.

"తెలియనిచ్చినానా? ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన తల దించనియ్యలేదు. ఇప్పుడు నా తమ్ముడు తల దించుకుంటే చూస్తా ఊరకుండాల్నా?"

పెదనాయన రుజువు అడగకుండా, చూపు గిన్నెలోని పసుపు నీళ్ళ మీదికి తిప్పుకున్నాడు. అవ్వ బంగారు బొట్టును తక్కెడలో వేసి, "మా నాయన సొమ్ము, మీ ఇద్దరూ పంచుకోండి" అనింది. రాగిదాన్ని కొంగున ముడి వేసుకుంది. "ఇది నాకు. దీనికి వెల లేదు కదా, మీకు తగాదా రాదు." చిన్నతాత చల్లారిన కాఫీ తీసుకుని తాగినాడు. పెదనాయన ఊతపదం ఆ పొద్దుతో పోయింది.

అవ్వ ఆ రాగి బొట్టును తన పెట్టెలో పెట్టుకుంది. నాకిచ్చి పోయేదాకా, రోజూ పొద్దున్నే తీసి దానికి పసుపు పూస్తానే ఉండింది. ఒకసారి నేను ఉండబట్టలేక, "ఇంకెందుకవ్వా, అందరికీ తెలిసిపోయింది కదా" అన్నాను.

"మీ తాతకు ఇంకా తెలీదు కదే" అనింది.

బంగారు పూతను రెండేళ్ళలో తినేసిన కాలం, ఆ గుడ్డముక్కలోని బిళ్ళ మీది పసుపును మాత్రం ఇప్పటికీ తినలేకుండా ఉంది.