తెల్లబడిన నల్లగుడ్డు

విజయవాడ భవానీపురంలో పుట్టి పెరిగిన నాకు ఉద్యోగం వచ్చేదాకా గేదెలతో పెద్దగా చనువు లేదు. పామర్రు దగ్గరి పల్లెలో పశువుల డాక్టరుగా చేరిన మొదటి ఏడాది, మినుము పీకే రోజుల్లో, ఒకావిడ తన గేదెను ఆసుపత్రికి తోలుకొచ్చింది. యాభై దాటిన మనిషి. భర్త లేడు. కూలికి వెళ్తూ, ఆ ఒక్క గేదెను మేపుకుంటూ బతుకుతోంది.

గేదె ఎడమకన్ను సగం మూసుకునే ఉంది. చెంప మీదికి నీరు కారుతోంది. రెప్ప ఎత్తితే లోపలి పొర ఎర్రగా వాచి కనిపించింది. కళ్ళకలక అనుకున్నాను. బయట ఇంకా పదిమంది పశువులతో నిలబడి ఉన్నారు. వాపు తగ్గించే చుక్కలిచ్చి పంపేశాను. నల్లగుడ్డు మీద పుండు ఉందేమో రంగు వేసి చూడాలి. ఆ రంగు కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి. చూడలేదు.

నాలుగోరోజు మళ్ళీ వచ్చింది. ఈసారి నల్లగుడ్డు పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. రంగు కాగితాన్ని సెలైన్‌లో తడిపి కంటికి తాకించి, నీలం లైటు వేశాను. నడిమధ్య కందిగింజంత మేర పచ్చగా మెరిసింది. పుండే. రెప్ప మడతలో వెతికితే, గడ్డిలోంచి వచ్చిన వడ్లముల్లు దొరికింది. నేనిచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది. పుండున్న కంట్లో అది వేస్తే పుండు మానదు, ఇంకా లోతుకు పోతుంది.

నెపం ముల్లు మీదికి నెట్టేసి ఊరుకోవచ్చు. ఆవిడకు తెలిసే దారి లేదు. కానీ ఆ ముల్లును అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ నిలబడితే, నాకు దాచబుద్ధి కాలేదు.

"తప్పు నాదమ్మా. మొదటిరోజే సరిగ్గా చూడాల్సింది. నేనిచ్చిన మందే ఎక్కువ చేసింది" అన్నాను.

ఆవిడ గేదె చెంప మీది నీరు కొంగుతో తుడిచింది.

"ఇప్పుడేం చేద్దామండి?" అంది.

గేదె కంటికి ముక్కువైపు మూలలో ఉండే మూడోరెప్పను నల్లగుడ్డు మీదికి లాగి కుట్టేసి, కొన్నాళ్ళు కట్టులాగా ఉంచాలని చెప్పాను. నేనెప్పుడూ ఒంటరిగా చెయ్యలేదనీ, విజయవాడ తీసుకెళ్తే మంచిదనీ కూడా చెప్పాను. ఆ కంటితో దాన్ని ఆటో ఎక్కించి అంతదూరం తిప్పనంది.

"మీరే చెయ్యండి డాక్టరమ్మగారూ. తల నేను పట్టుకుంటాను. నా దగ్గరైతే అది కదలదు."

కాలేజీలో మాకు పాఠం చెప్పిన మేడమ్‌కు ఫోన్ చేశాను. స్పీకర్లో ఓపిగ్గా ఒక్కో కుట్టూ చెప్పారు. దారం రెప్పను కోసెయ్యకుండా అడ్డుగా గుండీ ఒకటి కావాలన్నారు. పొలం పనికి చీర మీద తొడుక్కున్న చొక్కా నుంచి ఆవిడ ఒకటి తెంపి ఇచ్చింది. దాన్ని బాగా మరిగించి, కంటికి మత్తిచ్చి కుట్టాను. చివరి ముడి పడేదాకా గేదె నిజంగానే కదల్లేదు.

పాత చుక్కలు మాన్పించి, పుండు మానే చుక్కలు రోజుకు ఆరుసార్లు వెయ్యమన్నాను. ఆ రోజుల్లో ఆవిడ దూరం పనులకు పిలిచినా వెళ్ళలేదని తర్వాత తెలిసింది. రోజూ పొద్దున్నే బస్సు దిగి ముందు వాళ్ళింటికే వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే కుర్చీ వేసి టీ పెట్టేది. రాత్రి కన్ను రుద్దుకుందో లేదో, మేత తిన్నదో లేదో అన్నీ చెప్పేది. తప్పు గురించి ఒక్కమాట ఎత్తలేదు.

పదిహేను రోజులు దాటాక కుట్లు విప్పాను. తెలుపంతా పోయి, గుడ్డు మీద చిన్న మచ్చ మిగిలింది. గాలి తగలకుండా పక్కనుంచి చెయ్యి కంటి ముందుకు తెచ్చాను. గేదె టక్కున రెప్ప వేసింది. చూపు ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ప్రార్థనలో మీ పేరు కూడా చెప్పానండి, కుట్టేటప్పుడు మీ చేతులు వణక్కూడదని" అంది ఆవిడ, గేదె మెడ నిమురుతూ.

నా తప్పు గురించి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదావిడ. అంతకుమించి, వారం తిరక్కుండానే పక్కింటావిడను, కుంటుతున్న దూడను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. "మా డాక్టరమ్మకి చూపించు" అని ఆమెను నా ముందుకు తోసింది.