ఏడో గాజు పలక

ఆ రోజుల్లో ఫొటో తీయించుకోవడమంటే పెళ్లిచూపులకి కూర్చున్నంత పని. మెడ బిగించి, ఊపిరి బిగబట్టి, కన్నార్పకుండా కూర్చోవాలి. అందుకే ఆ కాలపు ఫొటోల్లో అందరూ ఎవరిమీదో అలిగినట్టు కనిపిస్తారు. (నిజానికి నవ్వే మనుషులే, నేనెరుగుదును.) ఆ విద్యమీద నాకెందుకు మనసైందో గాని, మిషన్ బడిలో అయ్యవారైన మా నాన్న తన దగ్గరే పంతులుగా చేరమని పోరుతున్నా వినకుండా, విజయనగరంలో ఫొటోలు తీసే మా మేనమామ పంచన చేరాను. ఏడాదంతా ఫొటో పడే గాజు పలకలు కడిగించాక ఒకరోజు మావయ్య తేల్చి చెప్పేశాడు. "ఒరే, అరకు కొండలకెల్లి అక్కడి మనుసులవి ఆరు ఫొటోలు తే. బాగా వొస్తే నిన్నుంచుకుంతాను. నేదంటే మీ నాన్న కాడికెల్లి పిల్లలకి ఓనమాలు సెప్పుకో." ఆరు చాలంటూనే, నా చేతిలో పలకలు పగలడం తెలిసినవాడు గనక ఏడు పలకలిచ్చాడు.

శృంగవరపుకోట దాకా ఎడ్లబండి, అక్కడినుంచి మూడుకాళ్ల స్టాండు భుజాన వేసుకుని కాలినడక. రెండోరోజుకి ఒక గూడెం చేరాను. నేను వాళ్లని చూడ్డానికి వెళితే, గూడెమంతా నన్ను చూడ్డానికి వచ్చింది. నా తలపాగా, చెప్పులు, కెమెరా మీద కప్పే నల్లగుడ్డ అన్నీ తడిమి చూశారు. వాళ్ల పెద్దదిక్కు ఒక అవ్వ. సంతలో పసుపిచ్చి ఉప్పు తెచ్చుకోవడంలో ఆరితేరిన మనిషి గనక తెలుగు బాగానే వచ్చు. "మా ముకాలు అట్టుకెల్లి ఏటి సేత్తావు?" అని అడిగింది. పట్నంలో వాళ్లు చూస్తారన్నాను. "ఆల్లు మమ్మల్నెందుకు సూడాల?" అంది. ఏడాదిగా పలకలు కడిగానే గాని ఈ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు. అవ్వే బేరం పెట్టింది. "సర్లే. పసుపిత్తే ఉప్పిత్తారు. మా ముకాలిత్తే నీ ముకం మాకియ్యాల. మేమూ సూసుకుంతాం."

ఒప్పుకోక చేసేదేముంది? తిరగలి విసిరే తల్లీకూతుళ్లని, చేతులు పెనవేసుకుని థింసా ఆటకి నిలబడ్డ ఆడవాళ్లని, విల్లు పట్టిన ముసలాయన్ని, అలా ఆరు పలకలూ వాడేశాను. ఏడోది కెమెరాలో పెట్టి, మూత తీసి అయిదంకెలు లెక్కపెట్టి మళ్లీ మూత పెట్టడం అవ్వకి నేర్పి, ఎదురుగా బండమీద కూర్చున్నాను. పొద్దున్నుంచి జనాన్ని నేను పెట్టిన బాధేమిటో అప్పుడు తెలిసింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ముక్కుమీద ఈగ వాలింది. గూడెమంతా నన్నే చూస్తోంది. "కదలకు గుంటడా" అంది అవ్వ, నేను అందరితోనూ అన్న మాట నాకే అప్పగిస్తూ.

గండం గడిచిందన్న నిశ్చింతతో అవ్వ ఇంట్లోకి దూరాను. పొయ్యిమీద కుండలో ఏం ఉడుకుతోందో చూద్దామని మూత ఎత్తానో లేదో, బయట కలకలం. వెనక్కి చూద్దును గదా, ఆడవాళ్లంతా నా పలకల పెట్టె చుట్టూ చేరి, ఆరు పలకల్నీ చెక్క తొడుగుల్లోంచి లాగి ఎండకెత్తి పట్టుకుని, తమ ముఖాలు లోపలికి సరిగ్గా చేరాయో లేదో వెతుక్కుంటున్నారు. మందునీళ్లలో కడిగేలోగా వెలుగు తగిలితే ఆ పలకమీద ఇక బొమ్మ రాదు. నా ఉద్యోగం ఎండలో కరిగిపోతోంది. "ఇదేం పని అవ్వా" అన్నాను పరిగెత్తుకెళ్లి. "మా కుండలో ఏటున్నాదో నువ్వు సూత్తన్నావు గదా. నీ పెట్టిలో ఏటున్నాదో మేం సూత్తన్నాం" అంది. కుండమూత ఇంకా నా చేతిలోనే ఉంది. (లోపల చోడి అంబలి, అంటే రాగిజావ. అడిగితే పోసేదే, తరవాత పోసింది కూడా.)

కెమెరాలో ఉండిపోయిన ఏడో పలక ఒక్కటే దక్కింది. మావయ్య దాన్ని కడిగి, కాగితంమీదికి ఎక్కించి చాలాసేపు చూశాడు. నిజం చెప్పొద్దూ, చక్కని ఫొటో. బెదురు కళ్లతో, అయినా ఏం జరుగుతుందో చూడాలని మెడ ముందుకు చాచిన కుర్రాడు. "ఎవుర్రా తీసింది?" అన్నాడు. చెప్పాను. "ఆ ముసిల్దొస్తే రేపే పన్లో పెట్టుకుంతాను. నువ్వు బేగి మీ నాన్న కాడికెల్లు."

మాటిచ్చాను గనక, బడిలో చేరేముందు మళ్లీ కొండెక్కి ఆ ఫొటో అవ్వ చేతిలో పెట్టాను. ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసి "బెదిరిపోనావు గాని మంచోడివే" అంది. ఉద్యోగం పోయినప్పుడు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. నా దగ్గర మరో ప్రతి లేదు. (పలకని మావయ్య గీకి శుభ్రంచేసి కిటికీకి బిగించుకున్నాడు.)

ఆ తరవాత ముప్పై ఏళ్లు ఓనమాలు దిద్దించాను. కుర్రతనంలో ఎలా ఉండేవాడివని మనవరాలు అడిగితే, ఫొటో ఉందమ్మా, చూడాలంటే కొండెక్కాలి అంటాను. అవ్వ ఎప్పుడో పోయి ఉంటుంది. ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో, ఈ గుంటడెవడు, ఏటలా సూత్తన్నాడు అని ఒకర్నొకరు అడుక్కుంటున్నారేమో. వాణ్ణి ఒక్కసారి చూసి రావాలని నాకూ ఉంది. మోకాళ్లే ఒప్పుకోవడం లేదు.